లాక్ బోల్ట్ తల నలిగిపోయింది: వెల్డింగా, సాకెట్టా?

జయపురం పోలో:
సెకండ్ హ్యాండ్ పోలో కారు కొన్నాను. పాత ఓనరు అలాయ్‌లు వేయించి చక్రానికొకటి చొప్పున లాక్ బోల్ట్ (దొంగలు చక్రం ఊడదీయకుండా, దానికి సరిపడే కీ ముక్కతోనే తిరిగే బోల్ట్) బిగించాడు. మొన్న సాలూరు వెళ్తుంటే సుంకి ఘాట్‌లో పంచర్. స్టెప్నీ వేద్దామని కీ పెట్టి తిప్పితే కీ పళ్లు విరిగాయి, బోల్ట్ తలలో గాడి కూడా నలిగింది. దిగిన మేకు అలాగే ఉంచి, పంపుతో గాలి నింపుకుంటూ ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. ఇక్కడి మెకానిక్ తలకి నట్టు వెల్డింగ్ చేసి తీసేద్దాం అంటున్నాడు, మా బావమరిదేమో చిన్న సాకెట్ (బోల్ట్ తలకు తొడిగి తిప్పే గొట్టం లాంటి పానా) కొట్టి తిప్పితే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?

దామంజోడి ఫిట్టర్:
వెల్డింగే తమ్ముడూ. పట్టుకు పట్టు, పైగా ఆ వేడికి తుప్పు కూడా వదులుతుంది. సాకెట్లు కొట్టుకుంటూ కూర్చుంటే తల గుండ్రంగా అయిపోయి చివరికి నా దగ్గరికే వస్తారు.

రాయగడ రైడర్:
అన్నా, టైరు ఉన్న చక్రం మీద వెల్డింగా? లోపలి రబ్బరు కాలి వచ్చే వాయువు అంటుకుంటే టైరు పేలుతుంది, గాలి తీసేసినా భయమే. ఎర్త్ క్లిప్ ఎక్కడో బాడీకి తగిలిస్తే కరెంటు బేరింగ్ గుండా పోతుంది, పక్కనే చక్రం వేగం చూసే ఏబీఎస్ బ్రేకుల సెన్సార్ కూడా ఉంటుంది. అది ఆఖరి దారి, మొదటిది కాదు.

దామంజోడి ఫిట్టర్:
ఎర్త్ సరిగ్గా పెట్టడం రానివాడు వెల్డింగ్ పట్టుకోకూడదు, ఒప్పుకుంటా. కానీ టైరు మాట... నేనింతవరకూ అలా అవడం చూడలేదు.

రాయగడ రైడర్:
చూడకపోవడం మన అదృష్టం అన్నా.

ఘాట్ రోడ్డు బాబాయి:
వాదన తర్వాత పెట్టుకోండి. బాబూ, ముందు ఒకటి చూడు, బోల్ట్ తల చుట్టూ ఉన్న రింగు వేలితో తిప్పితే ఉత్తినే తిరుగుతుందా? తిరిగితే సాకెట్ కొట్టినా బోల్ట్‌కి పట్టు దొరకదు, దొంగ కోసమే అలా చేస్తారు. తిరగకపోతే తలకంటే కాస్త చిన్నదైన 12 మూలల సాకెట్ సుత్తితో దిగ్గొట్టు. అది తర్వాత పనికిరాకపోవచ్చు, పాతది వాడు. బండి నేల మీదే ఉంచి హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. పక్క నాలుగు బోల్టులూ వదులు చేసి ఉంటే తిరిగి బిగించు, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, అవి వదులైతే బరువంతా ఈ ఒక్కదాని మీదే పడి అదింకా మొండికేస్తుంది. పొడుగు రాడ్‌తో నిదానంగా తిప్పు. బోల్టులు తిప్పే మిషన్ గన్ (ఇంపాక్ట్ రెంచ్) మాత్రం వద్దు, నీ కీ పళ్లు పోవడానికి కూడా ఎవడో గతంలో గన్‌తో బిగించడమే కారణం అయ్యుంటుంది.

జయపురం పోలో:
రింగు తిరగడం లేదు. రేపు చూస్తా.

జయపురం పోలో:
సాకెట్ రెండుసార్లు జారింది, ఫిట్టర్ అన్నది సగం నిజమే. తర్వాత విశాఖ నుంచి స్పైరల్ పళ్లున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ తెప్పించా, ఎడమకు తిప్పేకొద్దీ లోపలికి కొరుకుతుంది. ఒక్కసారి ఠప్ మని శబ్దం, విరిగిందనే అనుకున్నా, కానీ వదిలింది. అలాయ్ మీద గీత పడింది, దానికి బావమరిదిని తిడుతున్నా.

రాయగడ రైడర్:
మళ్లీ లాక్ బోల్టులే వేస్తారా?

జయపురం పోలో:
లేదు. ఘాట్‌లో అర్ధరాత్రి ఇరుక్కోవడం కంటే దొంగ భయమే నయం. మిగతా మూడు చక్రాలవీ అదే సాకెట్‌తో తీసి, మామూలు 17 పానా బోల్టులు వేశా.

దామంజోడి ఫిట్టర్:
విశాఖలో అయితే ఆ మాట అనవు. సరే, కొత్తవి టార్క్ పానాతోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది) బిగించావా? 120 న్యూటన్ మీటర్లు, థ్రెడ్‌కి ఆయిల్ రాయకు.

జయపురం పోలో:
బావమరిది కాలితో తొక్కి బిగించాడు అన్నా. రేపు వదులు చేసి మళ్లీ బిగిస్తా.