కాలేజీలో మాక్ అసెంబ్లీ: ఒక్క రోజులో ప్రశ్నోత్తరాలు, చర్చ, ఓటింగ్ ఎలా సర్దాలి?

కోట_పొలిటికల్‌సైన్స్ (విజయనగరం)

అందరికీ నమస్తే. మా డిగ్రీ కాలేజీలో వచ్చే నెల మాక్ అసెంబ్లీ పెడుతున్నాం. పిల్లలు 60 మంది, సెమినార్ హాలు ఒకటి, మైకులు నాలుగు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా, మధ్యలో భోజనానికి గంట. ప్రశ్నోత్తరాలు, జీరో అవర్ (సభ్యులు ప్రజా సమస్యల్ని క్లుప్తంగా లేవనెత్తే సమయం), ఒక తీర్మానం మీద చర్చ, చివర ఓటింగ్ ఉండాలని అనుకుంటున్నాం.

పిల్లలు రాసిచ్చిన ప్రశ్నలు ఇలా ఉన్నాయి:

"శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో జనం పోతుంటే ప్రభుత్వం నిద్రపోతోందా?"
"పలాసలో ఎక్స్‌ప్రెస్ రైళ్లు కొన్నిటిని ఎందుకు ఆపరు?"
"నేరడి బ్యారేజీ ఎప్పుడు కడతారు?"
"విజయనగరం జూట్ మిల్లులు మూతపడుతుంటే ఏం చేస్తున్నారు?"

వీటిని ఎలా సరిచేయాలి? ఇంకో సందేహం. మా దగ్గర ఒక మాస్టారు స్కాట్లండ్ పార్లమెంటు పద్ధతి పిల్లలకి సులువు, టైము కచ్చితంగా ఉంటుంది అంటున్నారు. అది మనకి పనికొస్తుందా?

---

గ్యాలరీ_బెంచీ (శ్రీకాకుళం)

ముందు ప్రశ్నల సంగతి చూద్దాం. మీరు పెట్టినవాటిలో మొదటిది ప్రశ్నే కాదు, తిట్టు. వాదన, వ్యంగ్యం, సొంత అభిప్రాయం ఉన్న ప్రశ్నని ఏ చట్టసభా అనుమతించదు. కోర్టులో నడుస్తున్నది, ఊహ మీద ఆధారపడినది కూడా అంతే.

మన అసెంబ్లీ ప్రశ్నకి ఒక అచ్చు ఉంది. "ఫలానా శాఖ మంత్రి ఈ కింది విషయాలు తెలియజేస్తారా" అని మొదలై (అ), (ఆ), (ఇ) అని ముక్కలుగా నడుస్తుంది. (అ) చాలాసార్లు "అన్న మాట వాస్తవమేనా" అని ముగుస్తుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది సరిగ్గా అక్కడే. "ఉద్దానంలో వైద్యం అందడం లేదన్న మాట వాస్తవమేనా" అని అడిగారనుకోండి. మంత్రి లేచి "కాదండీ" అంటాడు. (ఆ) అయితే కారణాలేమిటి? "ప్రశ్న ఉత్పన్నం కాదు." (ఇ) తీసుకుంటున్న చర్యలేమిటి? "ప్రశ్న ఉత్పన్నం కాదు." మూడు ముక్కలూ పది సెకన్లలో గాల్లో కలిసిపోతాయి.

కాబట్టి (అ)లో అవును, కాదు అని తేల్చేసే వీలివ్వకండి, అంకె అడగండి. ఉద్దానం ప్రశ్నని ఇలా మార్చొచ్చు:

(అ) పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రంలో మంజూరైన నెఫ్రాలజిస్టు పోస్టులు ఎన్ని, వాటిలో భర్తీ అయినవి ఎన్ని;
(ఆ) ఖాళీలు ఉంటే అందుకు కారణాలు ఏమిటి;
(ఇ) వాటిని ఎప్పటిలోగా భర్తీ చేస్తారు?

దీనికి "కాదండీ" అని చెప్పి కూర్చోడానికి లేదు.

ఇక ఎవరి పరిధి అన్నది. రైళ్లు ఆపడం రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలోది, మన అసెంబ్లీలో ఏ మంత్రీ దానికి జవాబుదారీ కాదు. అదే పలాస రైల్వే గేటు దగ్గర వంతెనకి రాష్ట్రం చేయాల్సిన భూసేకరణ, అప్రోచ్ రోడ్డు గురించి అయితే రోడ్లు, భవనాల శాఖని నిలదీయొచ్చు. వంశధార నది మీది నేరడి బ్యారేజీ ఒడిశాతో వివాదం, ట్రిబ్యునల్ దాకా వెళ్లిన వ్యవహారం. "ఎప్పుడు కడతారు" అంటే మంత్రి ఆ వివాదం వెనక దాక్కుంటాడు. దాని బదులు అదే వంశధార ప్రాజెక్టులోని హిరమండలం రిజర్వాయరు నిర్వాసితుల ప్యాకేజీలో ఇంకా ఎంతమందికి, ఎంత సొమ్ము బకాయి ఉందో అడిగితే దాక్కునే చోటు లేదు. జూట్ విషయంలో రెండు ముక్కలున్నాయి. ధాన్యానికి, పంచదారకి గోనె సంచులు తప్పనిసరి చేసేది 1987 నాటి కేంద్ర చట్టం. కార్మికుల బకాయిలు, మిల్లు మూతకి అనుమతి ఇచ్చారా లేదా అన్నది రాష్ట్ర కార్మిక శాఖ చెప్పాలి. రెండోదే అడిగించండి.

---

పలాస_జీడి

ఏటండీ, ప్రశ్న సభలో చదవక్కర్లేదా మరి?

---

గ్యాలరీ_బెంచీ (శ్రీకాకుళం)

అక్కర్లేదండీ. నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినది) ముందే అచ్చయి అందరి చేతుల్లో ఉంటుంది. స్పీకరు నంబరు పిలుస్తారు, మంత్రి జవాబు చెబుతారు. మాక్ సభల్లో ప్రశ్నంతా చదివించి సగం టైము అక్కడే పోగొడుతుంటారు. అసలు ఆట అనుబంధ ప్రశ్నల్లో, అంటే జవాబు విన్నాక అక్కడికక్కడ అడిగేవాటిలో ఉంటుంది.

లెక్క వేసి చూడండి. నంబరు పిలిచి లేవడానికి 20 సెకన్లు, మంత్రి జవాబు ఒక నిమిషం, తర్వాత మూడు అనుబంధ ప్రశ్నలు. ఒక్కోటి అడగడానికి 30 సెకన్లు, జవాబుకి నిమిషం. మొత్తం 350 సెకన్లు, అంటే ఆరు నిమిషాల లోపే. ముప్పావు గంటలో ఆరు ప్రశ్నలు తీసుకుంటే తొమ్మిది, పది నిమిషాలు మిగులుతాయి. అవి మిగలవు, గొడవకి పోతాయి. అందుకే ఏడో ప్రశ్న పెట్టొద్దు.

అనుబంధ ప్రశ్న మంత్రి ఇచ్చిన జవాబులోంచే పుట్టాలి. ఇంటి దగ్గర రాసుకొచ్చింది చదివితే స్పీకరు ఆపాలి. మూడింటికీ వరస ఒకటి నేర్పండి: మొదటిది అంకెని పట్టుకోవడం, రెండోది కారణాన్ని తవ్వడం, మూడోది తేదీ రాబట్టడం. "పరిశీలిస్తాం", "చర్యలు తీసుకుంటాం" అని మంత్రి నోటి వెంట వచ్చిందంటే అది హామీ. నిజం సభలో అలాంటివాటి వెంట పడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ప్రత్యేకంగా ఉంటుంది. మీ రిపోర్టర్ల చేత ఆ మాటలు వేరే కాగితం మీద రాయించి సాయంత్రం చదివించండి. ఎవరు బాగా అడిగారో ఆ కాగితమే చెబుతుంది. అరుపులకి మార్కులు వేసే జడ్జీలుంటే ముందే ఈ సంగతి చెప్పి ఉంచండి.

మంత్రులకి ఒక హెచ్చరిక. అంకెలు పుట్టించకూడదు. బడ్జెట్‌తో పాటు వచ్చే సామాజిక ఆర్థిక సర్వే, జిల్లా గణాంకాల పుస్తకం చేతికిచ్చి వారం ముందు కూర్చోబెట్టండి. అంకె దొరక్కపోతే "సమాచారం సేకరిస్తున్నాం" అనడం చట్టసభలో మామూలే, అబద్ధం కన్నా నయం. మూడు ప్రశ్నలకి వరసగా అదే చెబితే మాత్రం ప్రతిపక్షానికి పండగ.

---

మద్దువలస_కాలువ

60 మందిలో పదిమందిని సభ్యులుగా లెక్కేయకండి. కార్యదర్శి 1, రిపోర్టర్లు 4, మార్షల్స్ 2, టైము చూసేవాళ్లు 1, చీటీలు అందించేవాళ్లు 2. మిగతా 50 మందీ సభ్యులు. రాజ్యాంగం 164(1ఎ) అధికరణం ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు 15 శాతం దాటకూడదు కాబట్టి మీ సభకి 7గురు. నిజం రాష్ట్రానికైతే 12కి తగ్గకూడదని కూడా అక్కడే ఉంది, మీకా బాధ లేదు. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, పదో వంతు లేదా 10 మంది, రెంటిలో ఏది ఎక్కువైతే అది. మన 175 మంది సభకి 18, మీ 50కి 10. భోజనం తర్వాత కోరం పోవడం ఖాయం. రెండు గంటలకి తలుపు దగ్గర మార్షల్‌ని నిలబెట్టి లెక్కించండి.

---

రాజాం_కంపారిటివ్

స్కాట్లండ్ గురించి అడిగారు కదా. ఎడిన్‌బరాలో ఉన్నది బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి అధికారాలు బదలాయించగా పుట్టిన సభ. 1998 స్కాట్లండ్ చట్టం, 1999లో తొలి ఎన్నికలు. సభ్యులు 129 మంది, అందులో 73 మంది నియోజకవర్గాల నుంచి, 56 మంది పార్టీల ప్రాంతీయ జాబితాల నుంచి.

పిల్లలకి ముందు చెప్పాల్సింది పరిధి తేడా. అక్కడ లండన్ తన దగ్గర ఉంచుకున్న విషయాల జాబితా మాత్రమే రాసి ఉంది: రక్షణ, విదేశాంగం, వలసలు లాంటివి. జాబితాలో లేనిదంతా ఎడిన్‌బరాదే. మన దగ్గర తిరగేసి ఉంటుంది. రాష్ట్ర జాబితాలోనూ ఉమ్మడి జాబితాలోనూ కనబడని విషయం 248వ అధికరణం కింద ఢిల్లీకి పోతుంది. ప్రశ్న పరిశీలించే పిల్లలకి ఇది తెలిస్తే సగం ప్రశ్నలు వాళ్లే పక్కన పెడతారు.

ఇక రోజు ఎలా నడుస్తుందంటే, గురువారాన్ని తీసుకోండి. ఉదయం కమిటీలు. 11:40కి సాధారణ ప్రశ్నలు, ఇరవై నిమిషాలు. సరిగ్గా 12కి మన ముఖ్యమంత్రి లాంటి ఫస్ట్ మినిస్టర్‌కి ప్రశ్నలు, 45 నిమిషాలు. ముందు ప్రతిపక్ష నాయకులు, తర్వాత మామూలు సభ్యులు. మధ్యాహ్నం శాఖల వారీ ప్రశ్నలు, చర్చలు. సాధారణంగా సాయంత్రం 5కి ఓటింగ్. ఆ రోజు చర్చకి వచ్చిన వాటన్నిటి మీదా ఒకేసారి బల్ల మీద బటన్ నొక్కి ఓటేస్తారు: అనుకూలం, వ్యతిరేకం, తటస్థం. సాధారణ ప్రశ్నలూ, శాఖల ప్రశ్నలూ ఎవరు అడగాలో లాటరీలో తీస్తారు.

మీ మాక్ సభకి పనికొచ్చేవి రెండు. ఒకటి లాటరీ. యాభై మందిలో ఆరుగురినే ఎందుకు ఎంచారన్న పేచీ ఉండదు. రెండు, ఓటింగ్‌కి గడియారం ప్రకారం ఒకే సమయం. చర్చ ఎటు సాగినా 3:30కి ఓటింగ్ అని బోర్డు మీద రాసేస్తే ఎవరూ సాగదీయలేరు. ఫస్ట్ మినిస్టర్ ప్రశ్నల తరహా మాత్రం అరగంటకి మించి పెట్టకండి. ముఖ్యమంత్రిగా వేసిన ఒక్క పిల్లాడో పిల్లో అంతసేపు నిలబడాలి, మిగతా ఆరుగురు మంత్రులూ బొమ్మల్లా కూర్చోవాలి.

---

గ్యాలరీ_బెంచీ (శ్రీకాకుళం)

రాజాం వారి మాట నిజమే కానీ రెండు సభల్నీ కలిపి వండితే చూసేవాళ్లకి అయోమయం. లాటరీ తీసుకోండి, ఓటింగ్ టైము తీసుకోండి, మిగతాదంతా మన పద్ధతిలో ఉంచండి. "అధ్యక్షా" అని పిలవడం, స్పీకరు వైపే తిరిగి మాట్లాడటం, నోటితో అవును, కాదు అని చెప్పే మూజువాణి ఓటు, ఇవన్నీ పిల్లలు టీవీలో చూసి ఉంటారు.

స్పీకరుగా గట్టి గొంతు కన్నా స్థిమితం ఉన్నవాళ్లని పెట్టండి. ఆ కుర్చీ మన వైపు వాళ్లకి కొత్త కాదు. కావలి ప్రతిభా భారతి గారు 1999 నుంచి 2004 దాకా, ఆమదాలవలస నుంచి గెలిచిన తమ్మినేని సీతారాం గారు 2019 నుంచి 2024 దాకా కూర్చున్నారు.

జీరో అవర్‌కి 20 నిమిషాలు చాలు. ఆ పేరు లోక్‌సభ నిబంధనల్లోనే కనబడదు, అలవాటుగా వచ్చింది. మనిషికి ఒక్క నిమిషం, ఒక్క సమస్య, మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పక్కర్లేదు. పేర్లు ఉదయం 9:30కల్లా చీటీ మీద ఇవ్వాలి. సభలో చేతులెత్తించారో, ఇరవై నిమిషాలూ చేతులు లెక్కపెట్టడానికే సరిపోతాయి.

---

కోట_పొలిటికల్‌సైన్స్ (విజయనగరం)

చాలా ఉపయోగపడిందండీ. ఇప్పటికి ఇలా వేశాను: 10:00 నుంచి 10:45 ప్రశ్నోత్తరాలు, 11:05 దాకా జీరో అవర్, పావుగంట టీ, 12:20 దాకా ఒక చిన్న బిల్లు, 12:50 దాకా ముఖ్యమంత్రికి ప్రశ్నలు. భోజనం. 2:00 నుంచి 3:30 ఉద్దానం తాగునీటి మీద తీర్మానం, ఆ తర్వాత ఓటింగ్. తీర్మానంలో "ప్రభుత్వ కృషికి ఈ సభ హర్షం వ్యక్తం చేస్తోంది" అని అధికార పక్షం రాసింది. ప్రతిపక్షం సవరణ ఇస్తామంటోంది. ఓటింగ్ ఏ వరసలో పెట్టాలి?

---

గ్యాలరీ_బెంచీ (శ్రీకాకుళం)

సవరణ ముందు, తీర్మానం తర్వాత. తీర్మానం నెగ్గేశాక సవరణ పెడితే సవరించడానికి ఏమీ మిగలదు, మాక్ సభల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. సవరణ కాగితం మీద రావాలి, ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో స్పష్టంగా: "'హర్షం' అన్న పదం బదులు 'ఆందోళన' అన్న పదం ఉంచాలి" అని. అదే పదం మీద రెండో సవరణ కూడా వస్తే, మొదటిది నెగ్గిన మరుక్షణం రెండోది దానంతటదే పడిపోతుంది. సవరణ నెగ్గితే "సవరించిన విధంగా" అన్న మాట చేర్చి తీర్మానం మీద ఓటు తీసుకోవాలి.

చర్చ 90 నిమిషాల్లో ప్రతిపాదించేవారికి 8, ప్రతిపక్ష నాయకుడికి 8, మంత్రి జవాబుకి 10. ఇంకో 14 మందికి తలా 4. మొత్తం 82, స్పీకరు చేతిలో 8 నిమిషాలు. మూడో నిమిషానికి గంట ఒకసారి కొట్టాలి, నాలుగుకి రెండుసార్లు, ఆ వెంటనే మైకు కట్. మైకు కట్ చేయడం ముందు రోజు ఒకసారి సాధన చేయించండి, లేకపోతే పక్కవాడి మైకు తీసుకుంటారు.

ఓటుకి స్పీకరు ఇలా చెప్పాలి: "అనుకూలురు అవును అనండి. వ్యతిరేకులు కాదు అనండి. అవును అన్నవారే ఎక్కువని భావిస్తున్నాను." ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడంలోనే ఎవరైనా "డివిజన్" అని, అంటే ఓట్లు లెక్కపెట్టమని అడగొచ్చు. ఆగకుండా "తీర్మానం నెగ్గింది" అనేస్తే కేకల్లో బలం ఉన్నవాళ్లదే రాజ్యం అవుతుంది. డివిజన్ అడిగితే గంట కొట్టి తలుపులు వేసి, నిలబెట్టి లెక్కపెట్టండి. లోక్‌సభలో ఆ గంట మూడున్నర నిమిషాలు మోగుతుంది, మీకు ఒక నిమిషం చాలు. స్పీకరు మొదట ఓటెయ్యరు, సమానంగా వస్తేనే వేస్తారు. ఆ ఓటుకి స్కాట్లండ్‌లో ఉన్న స్థితిని మార్చని వైపు వేయడం ఆనవాయితీ, ఇదొక్కటి అక్కడినుంచి తెచ్చుకోవచ్చు.

ఇంకో మాట. ఆ గంట కాలేజీ గంట కాకుండా చూడండి. అది మోగితే పక్క క్లాసులన్నీ ఇంటికి పోతాయి.