పెద్దకొడుకు గ్రిఫిద్ విషయంలో లెవెలిన్ చేసింది న్యాయమేనా?

పాతకోట (శనివారం, ఉదయం 8:10)

పోయిన నెల ఉత్తర వేల్స్ వెళ్లొచ్చాం. లాన్‌రూస్ట్ అని చిన్న ఊరు, అక్కడి చర్చిని ఆనుకుని ఒక గది. అందులో పెద్ద రాతి శవపేటిక ఉంది. మూత లేదు, లోపల ఏమీ లేదు. గ్వినెద్‌ను ఏలిన లెవెలిన్ అప్ ఇయోర్‌వెర్త్‌ది అది. ముక్కచెక్కలుగా ఉన్న వేల్స్‌ను నలభై ఏళ్లు ఒక తాటి మీద నడిపినవాడని అక్కడివాళ్లు 'మహా లెవెలిన్' అంటారు. తిరిగొచ్చాక ఆయన ఇంటి సంగతులు చదువుతుంటే నిద్ర పట్టలేదు. మీ అందరినీ అడగాలనిపించింది.

పెద్దకొడుకు గ్రిఫిద్. తల్లి పేరు టాంగ్విస్టిల్. ఆ తర్వాత 1205లో లెవెలిన్ ఇంగ్లండ్ రాజు జాన్ కూతురు జోన్‌ను పెళ్లాడాడు. ఆమె కొడుకు దావిద్. రాజ్యం మొత్తం దావిద్‌కే అని 1220లో ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీతో ఒప్పించాడు, 1222లో పోపుతో ఖాయం చేయించాడు. గ్రిఫిద్‌ను 1228 నుంచి ఆరేళ్లు దెగాన్వి కోటలో బంధించాడు. తండ్రి 1240లో పోయాక తమ్ముడి చెర, క్రికియెత్ కోటలో. 1241లో అక్కణ్నుంచి హెన్రీ చేతికి, లండన్ టవర్‌కి. 1244 మార్చి 1న దుప్పట్లూ గుడ్డలూ ముడేసుకుని కిటికీలోంచి దిగబోతే ఆ తాడు తెగింది. పడి చనిపోయాడు.

పాలకుడిగా లెవెలిన్‌కు వంక పెట్టను. తండ్రిగా చేసింది న్యాయమేనా?

గోదారిగట్టు (8:52)

న్యాయమే. ఆయన పుట్టిన ఇల్లు ఎలాంటిదో చూసి మాట్లాడాలి. తాత ఒవైన్ గ్వినెద్ 1170లో కన్నుమూశాడో లేదో కొడుకులు కత్తులు దూశారు. హవెల్ అని ఒక కొడుకు, మంచి కవి, పెంట్రైత్ దగ్గర సవతి తమ్ముళ్ల సైన్యం చేతిలో చచ్చిపోయాడు. లెవెలిన్ తండ్రి ఇయోర్‌వెర్త్‌కు రావలసింది రాలేదు. పిల్లవాడు తల్లి తరఫువాళ్ల నీడన పెరిగి, 1194లో అబెర్‌కాన్వి దగ్గర సొంత బాబాయిని ఓడించి తన భూమి తాను తీసుకున్నాడు. పంపకం అంటే ఏమిటో ఆయనకు పుస్తకం చెప్పక్కర్లేదు. మళ్లీ అదే జరగకూడదని ఒక్కడికే కట్టబెట్టాడు. అక్రమ సంతానానికి, పెళ్లాం కొడుక్కి సమానంగా పంచి ఉంటే గ్వినెద్ పదేళ్లు నిలిచేది కాదు.

శిలాశాసనం (9:30)

'అక్రమ సంతానం' అన్న మాట వెనక్కి తీసుకోండి. వేల్స్ చట్టంలో ఆ మాటకు చోటు లేదు.

పదో శతాబ్దపు వేల్స్ రాజు హవెల్ ధా పేరు మీద నడిచిన చట్టం తండ్రి తన కొడుకని ఒప్పుకున్నాడా లేదా అనే చూస్తుంది. ఒప్పుకుంటే కొడుకే, వాటాదారే. గ్వినెద్‌లోనే, సరిగ్గా లెవెలిన్ కాలంలో కూర్చిన ప్రతిలో ఇది సూటిగా ఉంది. చర్చి చట్టం ప్రకారం ఆస్తి పెళ్లాడిన భార్య పెద్దకొడుక్కే, హవెల్ చట్టం ప్రకారం చిన్నవాడికీ పెద్దవాడికీ ఇద్దరికీ. తండ్రి చేసిన పాపాన్ని, తండ్రి తప్పిన ధర్మాన్ని కొడుకు వాటా మీద మోపకూడదు అని కూడా రాసుకున్నారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట అంత ఆలోచించినవాళ్ల మధ్య పుట్టిన మనిషిని పట్టుకుని మీరు 'అక్రమం' అంటున్నారు.

మిరపచేను (9:41)

గ్రిఫిద్ తల్లిని పెండ్లి చేసుకున్నడా, చేసుకోలేదా? అది తేలకుంట ఎంత కొట్లాడినా ఫాయిదా లేదు.

శిలాశాసనం (9:48)

అది తేలాలని పట్టుబట్టేదే చర్చి. వేల్స్ వాళ్లకు ఆ అవసరం లేదన్నదే నా మాట.

గోదారిగట్టు (10:20)

మాట సంగతి పక్కన పెట్టండి. మీరు చెప్పే చట్టం పొలాలకు. వాళ్ల భాషలో దాన్ని కవ్రన్ అంటారు. అన్నదమ్ముల్లో చిన్నవాడు భూమిని భాగాలు వేయాలి, పెద్దవాడు ముందు కోరుకోవాలి, ఆపైన వరసగా. చక్కటి పద్ధతి, కాదనను. సింహాసనానికి అది వర్తించదు. అదే చట్టంలో 'ఎడ్లింగ్' ఉన్నాడు. రాజు తర్వాత రాజయ్యేవాడు, ఒక్కడే. రాజు కొలువులో ఎడ్లింగ్ ఎక్కడ కూర్చోవాలో కూడా రాశారు. ఇద్దరు ఎడ్లింగ్‌ల గురించి ఎవరూ రాయలేదు. లెవెలిన్ ఆ ఒక్కణ్ని ఎంచుకున్నాడు, అంతే.

మిరపచేను (10:26)

చిన్నోడు పంచుడు, పెద్దోడు ముందుగాల ఎంచుకునుడు మస్తుగుంది. ఆఖరుకు మిగిలిందే తనకని ఎరుకైతే ఎవడైనా సమానంగనే పంచుతడు. మా దిక్కు చీటీలు ఏసుకుంటరు, అయినా గెట్ల కాడ లొల్లే.

నీలవేణి (11:05)

గోదారిగట్టు గారూ, జోన్ ఎవరి కూతురో చెప్పకుండా దాటేశారు. జాన్‌కు పెళ్లి కాని సంబంధంలో పుట్టిన పిల్ల ఆమె. దావిద్ తల్లిది మచ్చలేని పుట్టుక అని చూపించుకోడానికి 1226లో పోపు దగ్గర ఉత్తర్వు తెచ్చారు. ఒకరి పుట్టుకను ఒక్క ఉత్తరంతో సరిచేయవచ్చు, ఇంకొకరిని మాత్రం అదే పుట్టుక పేరు చెప్పి తోసేయవచ్చు. ఇందులో ధర్మం నాకు కనపడటం లేదు, అవసరమే కనపడుతోంది. 1222 నాటి పోపు ఉత్తర్వు వేల్స్ ఆచారాన్ని అసహ్యించుకోదగినదని తిట్టింది, దాసి కొడుక్కీ స్వతంత్రురాలి కొడుక్కీ సమాన వాటా ఏమిటని. తన జనం చట్టాన్ని పరాయివాళ్లు అలా తిట్టగా దాన్ని లెవెలిన్ కోరి తెచ్చుకున్నాడు.

ఇంకొకటి. 1211లో జాన్ దండెత్తి వచ్చి గ్వినెద్‌ను లొంగదీసుకున్నప్పుడు జోనే వెళ్లి తండ్రి కాళ్లావేళ్లా పడి సంధి చేయించింది. ఆ సంధికి పూచీగా ఇచ్చిన బందీల్లో గ్రిఫిద్ ఉన్నాడు. మరుసటేడు జాన్ నాటింగ్‌హామ్‌లో 28 మంది వేల్స్ బందీలను ఉరితీయించాడు. గ్రిఫిద్ బతికి బయటపడ్డాడు. 1215లో జాన్ ఒప్పుకున్న మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలో 'లెవెలిన్ కొడుకును వెంటనే తిరిగి ఇస్తాం' అని ఒక నిబంధనే ఉంది. ప్రాణం పణంగా పెట్టాల్సి వచ్చినప్పుడు కొడుకయ్యాడు. ఇంటికొచ్చిన అయిదేళ్లకు వారసుడు కాకుండా పోయాడు.

బాటసారి (11:12)

చిన్న సవరణ. లెవెలిన్ 'రాజు' అని రాసుకోలేదు. 1230 నుంచి ఆయన బిరుదు 'అబెర్‌ఫ్రౌ ప్రిన్స్, స్నోడన్ ప్రభువు'.

గోదారిగట్టు (12:15)

నీలవేణి గారూ, బందీ సంగతి మనసు కలచివేసేదే. అయితే అదే 1211 సంధిలో ఇంకో షరతుంది. జోన్‌కు కొడుకు లేకుండా లెవెలిన్ పోతే రాజ్యం జాన్‌కు పోతుంది! అంటే గ్రిఫిద్‌ను లెక్కలోంచి తీసేయడం లెవెలిన్ బుద్ధితో మొదలవలేదు, మెడ మీద కత్తి పెట్టి చేయించారు. ఆ దెబ్బనే ఆయన పనికొచ్చేలా తిప్పుకున్నాడు. హెన్రీకి దావిద్ సవతి అక్క కొడుకు, మేనల్లుడి మీదికి రావడానికి ఆలోచిస్తాడు.

గ్రిఫిద్‌కు ఏమీ ఇవ్వలేదనడం కూడా తప్పు. మెరియోనిద్, అర్దూద్వి అనే సీమలు అతని చేతిలో ఉండేవి. అక్కడి జనంతో తగవు పెట్టుకున్నాడు. 1221లో తండ్రి సైన్యంతో వెళ్లి తీసుకోవాల్సొచ్చింది. 1234లో చెర విడిపించాక మళ్లీ లీన్‌లో భూమి ఇచ్చాడు. పైగా 1241లో హెన్రీని లోపలికి పిలిచింది ఎవరు? గ్రిఫిద్ భార్య సెనానా. మొగుడి విడుదలకు 600 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) ఇస్తానని ష్రూస్‌బరీలో ఒప్పందం రాసింది. ఇల్లు రెండయితే పొరుగువాడు లోపలికొస్తాడని లెవెలిన్ భయపడ్డాడు, సరిగ్గా అదే జరిగింది.

నీలవేణి (12:33)

మొగుడూ పెద్దకొడుకూ ఇద్దరూ క్రికియెత్ చెరలో ఉంటే ఆమె ఎవరి దగ్గరికెళ్లాలి? మరిదే బంధించినవాడు. హెన్రీ ఆమెతో ఒప్పందం రాసుకున్నాడు, మొగుణ్ని మాత్రం వదల్లేదు. మోసపోయిన ఆమె మీదే నింద వేస్తున్నారు.

గోదారిగట్టు (13:02)

నింద వేయడం లేదు. నేను ఈ లెవెలిన్‌ను ఎందుకు వెనకేసుకొస్తున్నానో చెబుతాను. మా తాతకు 16 ఎకరాల మాగాణి, కాలువ పక్కన. నలుగురు కొడుకులు. మా నాన్న వాటా నాలుగెకరాలు ముగ్గురు అన్నదమ్ములం పంచుకున్నాం. గట్టు జరిగిందని పెదనాన్న కొడుకు మా మీద కేసు పెట్టాడు, తొమ్మిదేళ్లు నడిచింది. మా అమ్మ పోతే వాళ్లు గుమ్మం తొక్కలేదు. ఆఖరికి అందరం చేపల చెరువుకు లీజుకిచ్చేశాం, ఇప్పుడు ఎవరి చేను ఎక్కడుండేదో నీళ్ల కింద కనపడదు. తాత ఒక్కడి చేతిలో పెట్టి, మిగతావాళ్లను చూసుకోరా అని చెప్పి ఉంటే ఆ భూమి భూమిగా ఉండేది. రాజ్యం సంగతి అంతకంటే పెద్దది కదా. ఎవరో ఒకరికి నొప్పి తప్పదు. అక్రమ సంతానమో సక్రమ సంతానమో, ఒకరు ఒదగాలి.

శిలాశాసనం (13:10)

మళ్లీ అదే మాట. పొద్దున అడిగాను, తీసుకోలేదు. 'ఒకరు ఒదగాలి' అనేది ఎప్పుడూ ఒదగాల్సిన అవసరం రానివాళ్లే.

మా అమ్మను మా నాన్న గుళ్లో పెళ్లి చేసుకున్నాడు. ఫొటో లేదు, కాగితం లేదు. ఆరేళ్ల తర్వాత టౌన్‌లో ఉద్యోగం, అక్కడ ఇంకో పెళ్లి, ఇంకో ఇల్లు. నెలకోసారి వచ్చేవాడు, నన్ను భుజాల మీద ఎక్కించుకుని సంతకు తీసుకెళ్లేవాడు. ఊరంతా నేను ఆయన పెద్దకొడుకునని ఎరుగుదురు. ఆయన పోయిన రోజు తలకొరివి మా తమ్ముడి చేత పెట్టించారు. నన్ను శ్మశానం గేటు దగ్గరే ఆపేశారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో నా పేరు లేదు. ఆఫీసులో గుమాస్తా కాగితాలు తిప్పి, మీరన్న మాటే అన్నాడు. అదే మాట, గోదారిగట్టు గారూ.

మీ పొలం పోయిందని మీ బాధ. ఆ పొలంలో మీ పేరు ఎప్పుడో ఒకప్పుడు ఉంది.

బాటసారి (13:14)

ఇద్దరూ కాసేపు ఆగితే మంచిది.

గోదారిగట్టు (15:40)

నాకు తెలియదండీ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఇక రాయను. మీ నాన్నగారి విషయంలో జరిగింది అన్యాయం, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. లెవెలిన్ ఎన్నడూ గ్రిఫిద్‌ను కొడుకు కాదనలేదు. రికార్డులన్నిట్లో 'గ్రిఫిద్ అప్ లెవెలిన్', లెవెలిన్ కొడుకు గ్రిఫిద్. మీరు మీ పేరు అడుగుతున్నారు. గ్రిఫిద్ రాజ్యం అడిగాడు. రెండూ ఒకటేనా?

శిలాశాసనం (16:25)

మీరు అడిగిందే అసలు ప్రశ్న. పొద్దుట్నుంచి మాట పట్టుకుని నేనూ దాన్ని దాటేశాను.

నా జవాబు ఇది. పేరు ఉంచి, ఆ పేరుకు వచ్చే హక్కు తీసేస్తే ఆ పేరు ఎందుకు? అతని జనం చట్టంలో 'అప్ లెవెలిన్' అంటే వాటాదారు అని అర్థం. 1222 తర్వాత అదే పేరుకు అర్థం మారిపోయింది, అతను చేసిన తప్పేమీ లేకుండా. సరే, ఎడ్లింగ్ ఒక్కడే కావాలి, దావిద్‌నే ఎంచుకున్నాడు, ఒప్పుకుంటాను. మరి ఆరేళ్లు దెగాన్విలో ఎందుకు? సింహాసనం ఇవ్వకపోవడం పాలకుడి నిర్ణయం. కొడుకును కోటలో పెట్టి తాళం వేయడం ఏ చట్టం?

గోదారిగట్టు (16:58)

బయట ఉంటే అతని వెనక మనుషులు చేరతారు. నిజంగానే చేరారు, దావిద్ అంటే పడనివాళ్లందరికీ గ్రిఫిదే దిక్కయ్యాడు. పేరు ఉన్నవాడు బయట ఉంటే రాజ్యం ఇవ్వనట్టే కాదు. లెవెలిన్‌కు వేరే దారి ఉందని నాకు అనిపించదు. ఈ ఒక్క దగ్గర మనిద్దరికీ కలవదు.

నీలవేణి (17:20)

దావిద్ 1246లో పిల్లలు లేకుండా పోయాడు. అంటే అంత కష్టపడి కట్టిన ఏర్పాటు ఆరేళ్లు నడిచింది, రాజ్యం తిరిగి గ్రిఫిద్ కొడుకులకే వచ్చింది. వాళ్లలో రెండోవాడు లెవెలిన్, తాత పేరే. 1255లో బ్రిన్ డెర్విన్ దగ్గర అన్న ఒవైన్‌ను ఓడించి బంధించాడు, 1277 దాకా వదల్లేదు. తండ్రి చెరలో ఉండగా పెరిగినవాడు తానూ అన్నను చెరలోనే ఉంచాడు. 1267లో హెన్రీ ఆయన్నే 'వేల్స్ ప్రిన్స్'గా గుర్తించాడు. ఎవరి వాదానికి ఇది పనికొస్తుందో నాకూ తెలియదు.

మిరపచేను (17:31)

గ్రిఫిద్‌ను ఏడ పూడ్చిన్రు? లండన్‌లనేనా?

పాతకోట (18:05)

కాదండీ. 1248లో ఇద్దరు మఠాధిపతులు హెన్రీని అడిగి, శవాన్ని లండన్ నుంచి తెచ్చి అబెర్‌కాన్వి మఠంలో తండ్రి ఉన్నచోటే పూడ్చారు. దావిద్ కూడా అక్కడే. 1283లో ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ అక్కడ కాన్వి కోట కట్టడానికి మఠాన్ని మైనన్‌కు తరలించాడు. నేను లాన్‌రూస్ట్‌లో చూసింది తండ్రి పేటిక ఒక్కటే.

ఆ ఇద్దరిలో ఒకరు అబెర్‌కాన్వి మఠాధిపతి, రెండో ఆయన స్ట్రాటా ఫ్లోరిడా మఠాధిపతి. 1238లో వేల్స్ ప్రభువులందరినీ పిలిచి దావిద్‌కు విధేయంగా ఉంటామని ప్రమాణం చేయించింది ఆ స్ట్రాటా ఫ్లోరిడాలోనే.

శిలాశాసనం (18:40)

ఇది నాకు తెలియదు. ఆ మఠం గురించి ఇంకా ఏమైనా ఉంటే పెట్టండి, చదువుతాను. సోమవారం నా కేసు వాయిదా ఉంది, వచ్చాక రాస్తాను. గోదారిగట్టు గారూ, 1234లో లీన్‌లో ఇచ్చిన భూమి సంగతి మనం ఇంకా తేల్చలేదు.

గోదారిగట్టు (18:52)

తేలుద్దాం. వాయిదా బాగా జరగాలని కోరుకుంటున్నాను.