కయాక్‌కు లంగరు పక్కన కట్టాలా, కొసన కట్టాలా? (సాగర్ బ్యాక్‌వాటర్)

దేవరకొండ_గాలం: కొత్తగా కయాక్ కొన్నాను, మీద కూర్చుని తెడ్డుతో నడిపే సన్న పడవ. నేరేడుగొమ్ము వైపు సాగర్ బ్యాక్‌వాటర్‌లో గాలం వేయాలని. గాలి లేచిందంటే ఒక్కచోట నిలవట్లేదు. కేజీన్నర మడత లంగరు తెచ్చాను. సీటు పక్కన హ్యాండిల్‌కు కట్టేస్తే చేతికి అందుతుంది కదా, మళ్లీ తాడును కొసకు పంపే ట్రాలీ ఎందుకు?

కప్పీ_భాయ్: తమ్ముడూ, పక్కన మాత్రం కట్టకు. గాలి, ప్రవాహం పడవ పొడవంతటికీ అడ్డంగా కొడతాయి. తాడేమో ఆ అంచును కిందికి గుంజుతుంది. ఒక్క అల ఎక్కితే బోల్తా. తాడు ముక్కు నుంచో తోక నుంచో పోవాలి. కానీ కూర్చున్నచోటి నుంచి కొసలు అందవు, ట్రాలీ అందుకే. ముక్కు దగ్గర ఒక కప్పీ, తోక దగ్గర ఒక కప్పీ, వాటి మీదుగా పక్క పొడవునా సన్న తాడు, ఆ తాడుకు ఒక రింగు. లంగరు తాడును రింగులోంచి పోనిచ్చి, ట్రాలీ తాడు లాగితే రింగు కొసకు పోతుంది. లంగరు తాడు రెండో చివర సీటు దగ్గర జిగ్‌జాగ్ క్లీట్‌లో (తాడును పట్టి ఉంచే బిళ్ల) ఇరికించు. ఒక్క గుంజుకు ఊడిరావాలి. ఆ చివరకే ఖాళీ డబ్బా కట్టు, ప్రమాదమైతే మొత్తం వదిలేసి తర్వాత తెచ్చుకోవచ్చు.

పాలమూరోడు: జూరాల దిక్కు పుట్టోళ్లు తాడుకు రాయి కట్టి వేస్తారు. కప్పీ లేదు, క్లీట్ లేదు. తాతల నాటి నుంచి ఎవరూ మునగలేదు.

కప్పీ_భాయ్: పుట్టి గుండ్రం. దానికి ముక్కేది, తోకేది? ఎటు నుంచి గుంజినా ఒకటే. కయాక్ పది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు.

పాలమూరోడు: పుట్టి ఎక్కనోళ్లు పుట్టి గురించి చెప్తున్నారు. నేనూ ట్రాలీ పెట్టించినా. హైదరాబాద్‌లో ఒక షాపువాడు వేలు గుంజి ఇచ్చిన కప్పీలు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి బిగుసుకుపోయినయి. దండగ ఖర్చు.

చేపలపులుసు: అన్నా, తుప్పుకూ బోల్తాకూ ఏం సంబంధం? 😀

కప్పీ_భాయ్: తాడు సంగతి కూడా రాసుకో తమ్ముడూ. లోతుకు కనీసం మూడింతలు వదలాలి.

పాలమూరోడు: 40 అడుగుల లోతుంటే 120 అడుగుల తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలా? చేపలు పట్టనీకి పోతున్నడా, బావి తోడనీకి పోతున్నడా?

కప్పీ_భాయ్: తాడు నిటారుగా ఉంటే లంగరు పైకి లేస్తుంది. ఏటవాలుగా గుంజితేనే కొక్కేలు నేలను పడతాయి. రాయికైతే బరువే ఆధారం, దాని లెక్క వేరు. అంత తాడు లేకపోతే లోతు తక్కువ ఉన్నచోట ఆగు.

దేవరకొండ_గాలం: అడుగున బండల్లో ఇరుక్కుంటే?

కప్పీ_భాయ్: తాడును లంగరు అడుగున ఉన్న కన్నానికి ముడివెయ్. కాడ వెంట పైకి తెచ్చి పై రింగుకు సన్న కేబుల్ టైతో (ప్లాస్టిక్ పట్టీ) కట్టు. ఇరుక్కుంటే గట్టిగా గుంజు, టై తెగి లంగరు వెనక నుంచి ఊడొస్తుంది.

కృష్ణ_వల: గట్టిగా గుంజు అంటున్నావు. అది బండ కాక మా వల అయితే? మీ నాలుగు కొక్కేలూ వలలో దిగబడ్డాక గుంజితే ఏమవుతుందో చూశావా? పోయిన ఎండాకాలం ఎవరో గుంజి, లంగరు రాకపోయేసరికి తాడు కోసుకుని పోయారు. లంగరు మా వలలోనే ఉంది. బాగుచేయడానికి మా అమ్మ రోజుల తరబడి కూర్చుంది.

కప్పీ_భాయ్: ఎవరో చేసినదానికి నన్నంటే ఎలా? గుర్తు పెట్టకుండా అడ్డంగా వల కడితే మాకెట్లా తెలుస్తుంది?

కృష్ణ_వల: వరసగా నీళ్ల సీసాలు తేలుతుంటే చెత్త అనుకున్నారా? ఇక్కడ మత్స్యకారుల సొసైటీ సభ్యులం మేం. అడగకుండా వచ్చి మా వలల మధ్య లంగరు వేసి, మాకే గుర్తులు నేర్పుతున్నారు.

కప్పీ_భాయ్: మేం పట్టినవి మళ్లీ వదిలేస్తాం. మీ చేపలు ఎత్తుకుపోవట్లేదు.

కృష్ణ_వల: వదిలేస్తే మీకది ఆట. మాకు బువ్వ. పక్కన కట్టాలా, కొసన కట్టాలా అని ఇంత రాశారు, ఎక్కడ వేయాలో ఒక్కరూ అడగలేదు.

పాలమూరోడు: నేను మొదటి నుంచీ రాయి అంటున్నది అందుకే. వలకు తగలదు.

చేపలపులుసు: మొదట ఆ మాట ఎక్కడన్నావన్నా?

పాలమూరోడు: మనసులో ఉంది.

దేవరకొండ_గాలం: వలన్నా, మరి ఎప్పుడు రావాలి?

కృష్ణ_వల: సాయంత్రం వేసి తెల్లవారుజామున ఎత్తుతాం. ఎత్తాక రా. ఒడ్డున అడిగితే వల ఎటుందో చూపిస్తాం. శ్రీశైలం నుంచి నీళ్లు వదిలిన రోజు మాత్రం ఏ లంగరూ వద్దు, పైభాగంలో గుంజుడు మామూలుగా ఉండదు.

కప్పీ_భాయ్: ఆ చివరి మాట నిజం. ప్రవాహంలో నేనూ వేయను. గాలి తక్కువున్న మడుగులో రాయి వాడుకో తమ్ముడూ, కాదనను. కానీ రాయినైనా ట్రాలీతో కొసకే పంపు. లైఫ్ జాకెట్‌కు చాకు తగిలించు.

పాలమూరోడు: మళ్లీ ట్రాలీయే!