సిన్సినాటస్‌నీ సీజర్‌నీ ఒకే మాటతో ‘నియంత’ అనొచ్చా?

ప్రశ్న:

హైస్కూలు పిల్లల కోసం రోమ్ గణతంత్ర చరిత్ర తెలుగులో రాస్తున్నానండీ. కాన్సుల్, ట్రిబ్యూన్, సెన్సార్ లాంటి పదవుల పేర్లు అలాగే ఉంచేశాను. డిక్టేటర్ దగ్గర ఆగిపోయాను. తెలుగులో ‘నియంత’ అని ఎప్పుడో స్థిరపడింది. కానీ నాగలి వదిలి వచ్చి, సైన్యాన్ని కాపాడి, మళ్లీ పొలానికి వెళ్లిపోయిన సిన్సినాటస్‌ను నియంత అంటే పిల్లలకు హిట్లర్ గుర్తొస్తాడు. అందుకని పాతకాలం వాళ్లకు ‘అత్యవసరాధికారి’ అనీ, సుల్లా, సీజర్ల దగ్గరికొచ్చాక ‘నియంత’ అనీ రాద్దామనుకుంటున్నా. పెద్దలు ఏమంటారు?

జవాబు:

రెండు మాటలు వద్దండీ. ఒకటే ఉంచండి, అది నియంతే కానివ్వండి.

ముందు మన మాట సంగతి చూద్దాం. ‘నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః’ అని అమరకోశం (సంస్కృత పర్యాయపదాల నిఘంటువు) వల్లె వేసినవాళ్లు ఈ గుంపులో చాలామందే ఉన్నారు. రథం తోలేవాడి పేర్లలో మొట్టమొదట వచ్చేదే నియంత. పగ్గాలు చేతబట్టి గుర్రాలను అదుపులో ఉంచేవాడని. అందులో తిట్టేమీ లేదు, ఆ వాసన ఇరవయ్యో శతాబ్దంలో పట్టింది. నియమం, నియామకం, నియమించడం కూడా ఆ ‘యమ్’ ధాతువు పిల్లలే.

రోమ్ పదవికి ఈ చుట్టరికం భలే కుదురుతుంది. రాజ్యం నడిపే ఇద్దరు కాన్సుల్‌లను ఏటా జనం ఓటేసి ఎన్నుకునేవారు. (మనవాళ్లకు కాన్సుల్ అనగానే వీసా ఇంటర్వ్యూ టెన్షన్ మొదలవుతుంది, పుస్తకంలో అదొక ముక్క ముందే చెప్పి పెట్టండి.) డిక్టేటర్‌కు మాత్రం మామూలుగా ఎన్నిక లేదు, నియామకమే. పెద్దల సభ అయిన సెనేట్ సలహా మీద ఒక కాన్సుల్ రాత్రిపూట, నిశ్శబ్దంగా ఉన్న వేళ, అతని పేరు పలకాలి. కాన్సుల్ నోట పలకబడ్డాడు గనుక డిక్టేటర్ అయ్యాడని రోమన్ పండితుడు వర్రో చెప్పిన వ్యుత్పత్తి. గడువు ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు. ఏ పని మీద నియమిస్తున్నారో కూడా ముందే చెప్పాలి.

మీ ‘అత్యవసరాధికారి’కి చిక్కు వచ్చేది ఇక్కడే. ఆ పని ప్రతిసారీ యుద్ధం కాదు. కాన్సుల్‌లు ఊళ్లో లేక ఎన్నికలు జరిపేవాళ్లు లేనప్పుడు అందుకోసమే డిక్టేటర్‌ను వేసిన సందర్భాలున్నాయి. క్రీ.పూ. 363లో అయితే ఒక మేకు కొట్టడానికి వేశారు. నిజంగానే. ఊళ్లో అంటురోగం తగ్గడం లేదు. ఒకప్పుడు డిక్టేటర్ మేకు కొడితే రోగం పోయిందని ముసలివాళ్లెవరో గుర్తుచేశారు. దాంతో జూపిటర్ గుడి గోడకు మేకు దిగ్గొట్టడానికి లూసియస్ మాన్లియస్‌ను నియమించారు. ఆయన మేకు కొట్టి ఇంటికి పోకుండా, పొరుగున ఉన్న హెర్నికీల మీద యుద్ధమంటూ కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి లాగడం మొదలుపెట్టాడు. సామాన్యుల తరఫున నిలబడే ట్రిబ్యూన్‌లంతా ఒక్కటై మీద పడేసరికి రాజీనామా చేసి దిగిపోయాడు. మరుసటి ఏడు ఒక ట్రిబ్యూన్ అతని మీద కేసు కూడా పెట్టాడు. ఇలాంటివాణ్ణి అత్యవసరాధికారి అంటే నవ్వొస్తుంది. నియంత అంటే రావడం లేదు చూడండి.

ఒక తమాషా కూడా చెప్పాలి. మనం సారథి అర్థమున్న మాట పెడుతున్నాం గానీ, రోమన్ డిక్టేటర్‌కు గుర్రం ఎక్కే హక్కే లేదు! క్రీ.పూ. 217లో కార్తేజ్ సేనాని హానిబల్ ట్రాసిమీన్ సరస్సు దగ్గర రోమన్ సైన్యాన్ని ఊచకోత కోసిన తర్వాత ఫేబియస్ మాక్సిమస్ డిక్టేటర్ అయ్యాడు. దండయాత్రలో గుర్రం వాడుకోవడానికి అనుమతివ్వండని ఆయన ముందుగా సెనేట్‌ను అడగాల్సి వచ్చింది. గ్రీకు రచయిత ప్లూటార్క్ దీనికి రెండు కారణాలు చెబుతాడు. రోమ్ బలమంతా కాల్బలంలోనే ఉంది కాబట్టి నాయకుడు వాళ్లను వదిలి పోకూడదని ఒకటి. మిగతా అన్నిట్లో రాజంతటి అధికారం ఇచ్చాం కదా, కనీసం ఈ ఒక్క విషయంలోనైనా మనల్ని అడిగి కదలాలని రెండోది. నాకు రెండోదే నచ్చింది.

ఇక మీ సిన్సినాటస్. క్రీ.పూ. 458 నాటి ఈ కథను రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన తీరులో మీకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ఆల్గిడస్ కొండ దగ్గర ఈక్వీలనే పొరుగు తెగవాళ్లు కాన్సుల్ మినూసియస్ శిబిరాన్ని చుట్టుముట్టారు. సెనేట్ దూతలు టైబర్ నది దాటి వెళ్లేసరికి ఈయన తన నాలుగు యూగెరాల చెక్కలో ఏదో పని చేసుకుంటున్నాడు. మన లెక్కలో రెండున్నర ఎకరాలు. సెనేట్ మాట వినాలంటే రోమన్ పౌరుల లాంఛనపు వస్త్రమైన టోగా వేసుకోవాలన్నారు. ‘అంతా క్షేమమేనా?’ అని అడిగి, గుడిసెలోంచి టోగా తెమ్మని భార్య రసీలియాను కేకేశాడు. ఒంటి మీది దుమ్మూ చెమటా తుడుచుకుని అది కప్పుకున్నాకే, నువ్వు డిక్టేటర్‌వి అని చెప్పారు. ఆరు నెలలకు ఇచ్చిన పదవిని పదహారో రోజున వదిలేశాడు. ఈ కథలో పురాణం పాలు ఎక్కువే అనుకోండి. అయినా పదవంటే ఎలా ఉండాలని రోమన్లు కోరుకున్నారో ఇందులో తెలుస్తుంది.

అడ్డు ప్రశ్న:

గడువూ నియామకమూ బాగానే చెప్పారు మాస్టారూ. కానీ పొగడ్త పాలు ఎక్కువైనట్టుంది. ఇదంతా సెనేట్ వైపు నుంచి చెప్పిన కథ. ప్లెబియన్లను, అంటే సామాన్య జనాన్ని, అడిగితే వాళ్లేమనేవారు?

జవాబు:

న్యాయమైన మాట. మొదటి డిక్టేటర్ ముందు శిక్షాధికారానికి గుర్తుగా కట్టెల మోపుల్లో కట్టిన గొడ్డళ్లు నడవడం చూసి ప్లెబియన్లు హడలిపోయారని లివీయే రాశాడు. కాన్సుల్ అన్యాయం చేస్తే రెండో కాన్సుల్ దగ్గర మొర పెట్టుకోవచ్చు, ప్రజలకు అప్పీలు చేసుకోవచ్చు. ఈయన దగ్గర ఆ రెండూ లేవు. చెప్పింది వినడమే.

సిన్సినాటస్ రెండోసారి డిక్టేటర్ అయిన కథ పిల్లల పుస్తకాల్లో సాధారణంగా రాదు. క్రీ.పూ. 439లో కరువొచ్చింది. స్పూరియస్ మేలియస్ అనే ప్లెబియన్ ధనవంతుడు ఎట్రూరియా నుంచి ధాన్యం కొని పేదలకు పంచాడు. జనం అతని వెంట పడ్డారు. వెంటనే, రాజు కావాలని చూస్తున్నాడని అభియోగం. ఎనభై దాటిన సిన్సినాటస్‌ను మళ్లీ తీసుకొచ్చి డిక్టేటర్‌ను చేశారు. ఆయన కింద గుర్రపుదళం అధిపతిగా ఉన్న సర్విలియస్ అహాలా వెళ్లి మేలియస్‌ను రమ్మన్నాడు. అతను భయపడి గుంపులోకి పారిపోతుంటే నరికేశాడు. విచారణ లేదు, తీర్పు లేదు. సిన్సినాటస్ భేష్ అని, మేలియస్ ఇల్లు నేలమట్టం చేయించాడు.

అందుకే అత్యవసరాధికారి అనొద్దంటున్నాను. అత్యవసరం ఎవరికి? ఆ మాట వాడితే సెనేట్ వాదనను మనమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టవుతుంది.

ఇంకో సంగతి. రెండు మాటలు పెడితే ఒక మంచివాడి పదవి, ఒక చెడ్డవాడి పదవి అని పిల్లలు రెండుగా చదువుకుంటారు. రోమ్‌లో పదవి ఒకటే, పేరూ ఒకటే. క్రీ.పూ. 202 తర్వాత 120 ఏళ్లపాటు ఆ పదవిలో ఎవరినీ వేయలేదు. ఈలోగా సంస్కర్తలైన గ్రాకస్ సోదరులు చచ్చిపోయారు, అంతర్యుద్ధం వచ్చింది. క్రీ.పూ. 82లో రోమ్ నగరపు కొలీన్ ద్వారం దగ్గర గెలిచి నగరాన్ని చేతిలో పెట్టుకున్న సేనాని సుల్లా అటక మీద పడి ఉన్న ఆ పాత పేరునే దింపాడు. చట్టాలు చేయడానికీ రాజ్యాంగాన్ని చక్కబెట్టడానికీ అని పని చూపించాడు గానీ గడువు తీసేశాడు. చంపదగినవాళ్ల పేర్లు రాసి నగర కూడలి అయిన ఫోరంలో అంటించాడు. ట్రిబ్యూన్‌గా చేసినవాడు ఆపై ఏ పదవికీ పనికిరాడని చట్టం చేసి ఆ పదవి నడ్డి విరిచాడు. ఆ తర్వాత తనంతట తనే దిగిపోయాడు, అది వేరే కథ.

సీజర్ ఇంకా మెల్లగా సాగదీశాడు. క్రీ.పూ. 49లో మొదటిసారి పదకొండు రోజులే, ఎన్నికలు జరిపించి దిగిపోయాడు. అచ్చం పాత పద్ధతి. క్రీ.పూ. 46లో పదేళ్లకు. క్రీ.పూ. 44 ఫిబ్రవరిలో శాశ్వతంగా. మార్చి 15న పొడిచి చంపారు. ఆ తర్వాత సీజర్ అనుచరుడు ఆంటోనీ చట్టం తెచ్చి ఆ పదవినే రద్దు చేశాడు. క్రీ.పూ. 22లో జనం సీజర్ వారసుడు ఆగస్టస్‌ను డిక్టేటర్‌గా ఉండమని గోల చేస్తే, ఆయన మోకాలి మీద కూలబడి, టోగా జారవిడిచి, వద్దని బతిమాలాడట. ట్రిబ్యూన్ అధికారం మాత్రం అంతకు ముందు ఏడే తీసుకున్నాడు, ఎన్నికతో పనిలేకుండా, జీవితాంతానికి.

పదకొండు రోజుల సీజరూ శాశ్వత సీజరూ ఒకే పేరుతో కనిపిస్తేనే పిల్లలకు ఈ సాగదీత తెలుస్తుంది. రెండు మాటలు పెడితే ఆ ఐదేళ్లలో సీజర్ ఏ రోజు అత్యవసరాధికారి నుంచి నియంతగా మారాడో మీరే ముహూర్తం పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:

సరేనండీ, నియంత ఖాయం. మరి అహాలా పదవికి ఏమనాలి? అశ్వాధ్యక్షుడు అంటే గుర్రపు పందేల క్లబ్బులా ఉంది. సీజర్‌ను కైసర్ అని రాయాలా?

జవాబు:

సాహిణి అనండి. కాకతీయుల కాలపు మాట, గుర్రాల దళానికీ ఏనుగుల దళానికీ అధికారి. గణపతిదేవుడి దగ్గర జాయప గజసాహిణి కదా. అహాలా అశ్వసాహిణి అవుతాడు. మొదటిసారి వచ్చినచోట గుర్రపుదళం అధిపతి అని ఒక ముక్క విప్పి రాస్తే పిల్లలు పట్టేస్తారు.

లాటిన్ పలుకుబడికి కైసరే దగ్గర. అయినా సీజర్ అనే రాయండి. పిల్లలు కైసర్ పేరుతో వెతికితే జర్మనీ చక్రవర్తులు దొరుకుతారు.