ఒకే టీఎంఎస్ ప్రోటోకాల్‌కి ఒకరిలో ఎంఈపీ పెరిగి, ఇంకొకరిలో తగ్గడమెందుకు?

ప్రశ్న:
టీఎంఎస్‌లో (తల మీద కాయిల్ పెట్టి, అయస్కాంత పల్సులతో మెదడును ప్రేరేపించడం) ఎడమ మోటార్ కార్టెక్స్ (కదలికలను నడిపే మెదడు భాగం) మీద ఐటీబీఎస్ (పల్సుల్ని చిన్న గుత్తులుగా, మధ్యలో ఆగుతూ ఇచ్చే టీబీఎస్ రకం), 600 పల్సులు, యాక్టివ్ థ్రెషోల్డ్‌లో (కండరం కొద్దిగా బిగించినప్పుడు స్పందన రావడానికి కావాల్సిన కనీస తీవ్రత) 80 శాతం. కాయిల్ ఒకటే, పట్టుకునే చెయ్యీ ఒకటే. అయినా కొందరిలో ఎంఈపీ (పల్సుకి కండరంలో వచ్చే విద్యుత్ స్పందన) పెరుగుతోంది, కొందరిలో ఉలుకూ పలుకూ లేదు, ఇద్దరు ముగ్గురిలో తగ్గుతోంది కూడా. లోపం కొలతలోనా, మనుషులే అంతా?

జవాబు 1:
ముందు కొలతనే అనుమానించండి. ఎంఈపీ పల్సు పల్సుకీ మారుతుంది. పదింటి సగటు చూసి పెరిగిందనుకోవడం తొందరపాటు. ముందూ తర్వాతా కనీసం 20–30 తీయండి, మధ్యలో 5 సెకన్లకు తగ్గకుండా ఆగుతూ. ఈఎంజీ (కండరం విద్యుత్‌ను నమోదు చేసే) గీత చదునుగా ఉందా? కండరం కాస్త బిగిసినా ఎంఈపీ ఉబ్బిపోతుంది. కాయిల్ కొన్ని మిల్లీమీటర్లు జారినా, కోణం తిరిగినా లెక్క తప్పుతుంది. న్యావిగేషన్ (కాయిల్ స్థానాన్ని కంప్యూటర్‌లో చూపే ఏర్పాటు) లేకపోతే టోపీ మీద కాయిల్ అంచు గీసుకోండి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. యాక్టివ్ థ్రెషోల్డ్ కోసం కండరం బిగించమంటాం కదా, టీబీఎస్‌కి ముందు చేసే ఆ పనే తర్వాతి ఫలితాన్ని మార్చగలదు. థ్రెషోల్డ్‌కీ టీబీఎస్‌కీ మధ్య విరామం అందరికీ ఒకేలా ఉంచండి.

జవాబు 2:
అవన్నీ సరిచేసినా తేడా మిగులుతుంది. 2013లో హమదా అనే పరిశోధకుడి బృందం 50 మందికి పైగా టీబీఎస్ ఇచ్చి చూస్తే, మొత్తం గుంపులో సగటు ప్రభావమే తేలలేదు. ఆ తేడాలో దాదాపు సగాన్ని వివరించింది ఒకే విషయం: పల్సు ఏ న్యూరాన్లను లేపుతోందన్నది. ఆలస్యపు ఐ-వేవ్‌లు (పల్సు తర్వాత కార్టెక్స్‌లోని మధ్య న్యూరాన్ల ద్వారా కాస్త ఆలస్యంగా దిగే సంకేతాలు) తేలిగ్గా లేచేవాళ్లలోనే పాఠ్యపుస్తకం చెప్పినట్టు, అంటే ఐటీబీఎస్‌కి ఎంఈపీ పెరగడం, జరిగింది. పరీక్ష కష్టమేం కాదు. కండరం కొద్దిగా బిగించి ఉంచి, కాయిల్‌ని మామూలు దిశ నుంచి 180 డిగ్రీలు తిప్పి ఎంఈపీ లేటెన్సీ (పల్సు నుంచి స్పందన మొదలయ్యే దాకా పట్టే సమయం) చూడండి. తర్వాత కరెంటు పక్క నుంచి నడిమికి పారేలా పెట్టి, ఎక్కువ తీవ్రతలో మళ్లీ చూడండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చే మిల్లీసెకన్లు ఎంత ఎక్కువైతే ఆలస్యపు ఐ-వేవ్‌లు అంతగా లేస్తున్నట్టు.

బీడీఎన్ఎఫ్ జన్యువు (న్యూరాన్ల మధ్య బంధాలు మారడానికి తోడ్పడే ప్రోటీన్‌ది) మీద అంత భారం వేయకండి, ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు.

జవాబు 3:
డిప్రెషన్ చికిత్సలో గొడవ వేరు. తీవ్రత మోటార్ కార్టెక్స్‌లో కొలుస్తాం, పల్సు నుదుటి వైపు ఇస్తాం. పుర్రెకీ కార్టెక్స్‌కీ దూరం ఆ రెండు చోట్లా ఒకటి కాదు, దూరం పెరిగేకొద్దీ విద్యుత్ క్షేత్రం వేగంగా పడిపోతుంది. హాట్‌స్పాట్ (చేతి కండరంలో స్పందన బాగా వచ్చే చోటు) నుంచి 5 సెంటీమీటర్లు ముందుకి కొలిచే పద్ధతిలో పెద్ద తలల్లో గురి వెనక్కి పడిపోతుంది, బీమ్ ఎఫ్3 (తల కొలతలను బట్టి గురి తేల్చే పద్ధతి) నయం. మందులూ అడగండి: బెంజోడయాజెపీన్లు (ఆందోళన, నిద్ర మందులు) వాడేవాళ్లలో ఫలితం తక్కువగా కనిపిస్తోంది. కార్బమజెపైన్ (మూర్ఛ మందు) థ్రెషోల్డ్‌నే పెంచుతుంది, కాబట్టి మోతాదు మారితే థ్రెషోల్డ్ మళ్లీ తీయాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
ఒక సెషన్ చూసి 'రెస్పాండర్' (ఫలితం వచ్చే మనిషి) అని రాసుకోవచ్చాండి?

జవాబు 1:
వద్దు. అదే మనిషి మరో రోజు తిరగబడొచ్చు. వేర్వేరు రోజుల్లో, ఒకే సమయంలో కనీసం రెండు సెషన్లు, వాటితో పాటు ఒక షామ్ (అసలు ప్రేరణ లేని ఉత్తుత్తి) సెషన్ పెట్టండి. షామ్‌లో వచ్చిన ఊగిసలాటను దాటితేనే మార్పుగా లెక్కపెట్టండి.