మళ్లీ చదివినా నిలబడ్డ పుస్తకం ఏది? రెండోసారి ఏం కనిపించింది?

సగం_చదివినవాడు:
అందరికీ నమస్తే. చదవని పుస్తకాలు టేబుల్ మీద గుట్టగా పడి ఉన్నాయి, అయినా నా చెయ్యి ఎప్పుడో చదివేసిన వాటి మీదకే పోతుంది. పోయిన నెల అలాగే, కాలేజీ రోజుల్లో రెండు రాత్రులు నిద్ర మానుకుని చదివిన ఒక నవల తీశాను. పేరు చెప్పను, దాని అభిమానులు ఇక్కడ చాలామందే ఉంటారు. నలభై పేజీలు దాటలేకపోయాను. ఏ పాత్ర నోరు తెరిచినా ఉపన్యాసమే. అప్పుడు ఏం చూసి ఏడ్చానో అర్థం కాలేదు, పైగా అప్పట్లో పెన్సిల్‌తో గీసుకున్న గీతలు కనిపించి సిగ్గేసింది.

దాంతో భయం పట్టుకుంది, మిగతా ఇష్టమైన పుస్తకాలు కూడా ఇంతేనా అని. ముట్టుకోకుండా జ్ఞాపకంలో ఉంచేసుకోవడమే మేలా? మీరు రెండోసారో మూడోసారో చదివినా నిలబడ్డ పుస్తకం ఒక్కటి చెప్పండి. లిస్టులు వద్దు ప్లీజ్, టాప్ టెన్‌లు చాలా చూశాం. మళ్లీ చదివినప్పుడు కొత్తగా ఏం కనిపించిందో అది కావాలి.

మధ్యాహ్నం_నిద్ర:
నాకైతే కన్యాశుల్కం, ఆలోచించే పనే లేదు. మొదటిసారి గిరీశం కోసం చదివాను, అందరూ అంతే అనుకుంటా. ఆ ఇంగ్లీషు ముక్కలూ ఆ కోతలూ, వెంకటేశాన్ని బోల్తా కొట్టించడం, నవ్వుకుంటూ పూర్తిచేసి పక్కన పెట్టేశా. కొన్నేళ్లకి చదివితే ఇది మధురవాణి నాటకం కదా అనిపించింది, ఎవరి దగ్గర ఏ మాట ఎంతవరకు ఆడాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మూడోసారికి నవ్వు సగం ఆగిపోయింది. సుబ్బిని లుబ్ధావధాన్లుకి ఇవ్వాలా వద్దా అని అందరూ మాట్లాడతారు, ఎత్తులూ పైఎత్తులూ వేస్తారు, ఆ పెళ్లి తప్పించడానికి మగపిల్లాడికి ఆడవేషం వేసి ముసలాయనకి కట్టబెట్టేస్తారు కూడా, కానీ నీకేం కావాలే అని సుబ్బిని మాత్రం ఎవరూ అడగరు. బాలవితంతువు బుచ్చమ్మ సంగతీ అంతే. వితంతు వివాహం గురించి గిరీశం చెప్పే కబుర్లు మొదట కామెడీగా వినిపిస్తాయి, అవే మాటలు ఆ పిల్ల చెవులతో వింటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో మాట. గురజాడ కూడా దీన్ని ఒక్కసారి రాసి వదిలెయ్యలేదు. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, మనం మామూలుగా చదివేది 1909లో వచ్చిన రెండో కూర్పు. అక్కడక్కడా దిద్దడం కాదు, బాగా పెంచి తిరగరాశాడు. రాసినాయనే మళ్లీ కూర్చున్నప్పుడు చదివేవాళ్లకి మొహమాటం ఏంటి?

కొత్తపేజీ:
అందరూ తిట్టుకున్నా సరే, నేను ఏదీ మళ్లీ చదవను. లెక్క వేసుకోండి. నెలకి రెండు పుస్తకాలు చదివేవాడు ఏడాదికి 24, ముప్పై ఏళ్లు చదివితే 720. అంతే, జీవితం మొత్తానికి ఒక గదిలో పట్టేస్తాయి. అందులో పాతది ఒకటి తీసిన ప్రతిసారీ ఒక కొత్త రచయితకి తలుపు మూసినట్టే. సినిమా అయితే రెండు గంటలు, పోనీలే అనుకోవచ్చు.

ఎవరు_చంపారు:
@కొత్తపేజీ లెక్క బాగుంది, టెన్షన్ కూడా వచ్చింది. కానీ ఆ 720లో ఎన్ని గుర్తున్నాయో అది కూడా లెక్కెయ్యండి బ్రదర్. నాకు మూడేళ్ల కింద చదివిన వాటిలో సగానికి అట్ట రంగు తప్ప ఏమీ గుర్తు లేదు.

డిటెక్టివ్ నవల రెండోసారి చదివేదేముంది, హంతకుడు తెలిసిపోయాడుగా అంటారు అందరూ. ఆగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' తీసుకోండి. మొదటిసారి చివరికొచ్చాక మోసం చేసింది అని పుస్తకం విసిరికొట్టినంత పని చేశాను. వారం తర్వాత పంతం పట్టి మొదటి నుంచి చదివితే ఆవిడ ఎక్కడా అబద్ధం ఆడలేదు! అన్నీ మన కళ్ల ముందే పెట్టింది, ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ మధ్య కొన్ని నిమిషాలు మాయమవుతాయి, మనం గమనించం, అంతే. అక్కడ ఏం జరిగిందో ఇంకా చదవనివాళ్లుంటారు కాబట్టి చెప్పను. మొదటిసారి చదివినప్పుడు కథ చూస్తాం, రెండోసారి ఆవిడ చేతులు చూస్తాం, గారడీవాడి పక్కన నిలబడి చూసినట్టు.

ముందుమాట_చదవను:
నాది కొంచెం పెద్ద కథ. గోపీచంద్ నవల అసమర్థుని జీవయాత్ర మొదటిసారి చదివినప్పుడు నాకు ఇరవై రెండు, ఉద్యోగం లేదు, ఎవరు సలహా చెప్పినా కోపం. సీతారామారావు అంటే నేనే అనుకున్నా, ఈ లోకానికి మా ఇద్దరి విలువా తెలీలేదు అనుకున్నా. పదిహేనేళ్ల తర్వాత చదివితే అతని మీద ఎంత చిరాకు వచ్చిందంటే, మధ్యలో రెండుసార్లు మూసేసి లేచి తిరిగాను. చేతిలో ఉన్నదంతా పోగొట్టుకోవడం, ఆ తర్వాత ప్రతిదానికీ ఒక సిద్ధాంతం తెచ్చి ఎదుటివాళ్ల నోరు మూయించడం, ఇంట్లోవాళ్లు ఎలా బతుకుతున్నారో మాత్రం పట్టకపోవడం. ఇంత మాట్లాడే మనిషితో రోజూ కాపురం చెయ్యడం ఎలా ఉంటుందో ఇరవై రెండేళ్లప్పుడు నాకు తట్టనే లేదు. రచయిత అతనితో పాటు ఏడుస్తున్నాడనుకున్నాను, పేరులోనే అసమర్థుడు అని చెప్పేశాడని కూడా చూడలేదు!

ఇంకోటి, మొదటిసారి తిప్పేసి పోయిన పేజీ ఒకటుంది, అంకితం. ఎందుకు అని అడగడం నేర్పినందుకు గోపీచంద్ ఈ నవలని తన తండ్రికి అంకితం ఇచ్చాడు. కథలోనేమో వంశ ప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట కొడుకు నెత్తిన కూర్చుంటుంది. అలాంటి కథకి ముందు ఆ అంకితం. 1947లో వచ్చిన పుస్తకం, నేను ఇప్పటికీ ఆ ఒక్క లైను దగ్గరే తిరుగుతున్నా, పొగడ్తో, భయమో, రెండూనో.

@సగం_చదివినవాడు మీకు నచ్చకుండా పోయిన ఆ నవల గురించి కూడా ఒకటి చెప్పనా. అది చెడ్డదైపోయిందని కాదు, దానితో మీ పని అయిపోయింది అంతే. ఆ గీతలు చెరిపెయ్యకండి. నేను చెరిపేసి బాధపడ్డాను.

బరువైన_సంచీ:
టాల్‌స్టాయ్ వార్ అండ్ పీస్. మొదటిసారి యుద్ధం వచ్చిన చోటల్లా పేజీలు గబగబా తిప్పేసి నటాషా ఎక్కడుందా అని వెతుక్కున్నా, చివర్లో చరిత్ర గురించి ఆయన వాదన పెట్టుకుంటాడు చూడండి, అది అసలు ముట్టుకోలేదు. రెండోసారి తిరగబడింది, ఏమీ చెయ్యకుండా ఓపిక పట్టే రష్యా సేనాపతి కుతుజోవ్ కోసం చదివాను. ఒక ఓక్ చెట్టు వస్తుంది గుర్తుందా, వసంతంలో అన్నీ చిగిరిస్తే అదొక్కటే మోడులా ముఖం ముడుచుకుని ఉంటుంది, ఆండ్రీ దాన్ని చూసి నా బతుకూ ఇంతే అనుకుంటూ పోతాడు, తిరిగి వచ్చేటప్పటికి వెంటనే గుర్తుపట్టలేనంతగా ఆకులేసుకుని ఉంటుంది. మొదటిసారి ఆ పేజీ చదివినట్టే గుర్తు లేదు నాకు, నటాషాని వెతుక్కునే కంగారులో చెట్టుని ఎవడు చూస్తాడు.

సలహా ఒకటే, మొదటిసారి నచ్చనిది వదిలెయ్యండి. తప్పేం లేదు.

నిద్రపుచ్చే_నాన్న:
మీరంతా రెండోసారి మూడోసారి అంటున్నారు. మా అమ్మాయికి నాలుగేళ్లు, ఒకే కుందేలు కథ రోజూ రాత్రి చదివించుకుంటోంది, వంద దాటి ఉంటుంది. నిద్రొచ్చి ఒక్క పదం వదిలేస్తే చాలు, కళ్లు మూసుకునే "అది చదవలేదు" అంటుంది. దాన్నడిగితే చెప్తుందేమో మళ్లీ ఏం కనిపిస్తుందో, అడిగాను, "కుందేలు" అంది.

సగం_చదివినవాడు:
@నిద్రపుచ్చే_నాన్న ఇప్పటివరకు వచ్చిన వాటిలో సూటి సమాధానం ఇదే. :)

అందరికీ థాంక్స్. గీతలు చెరపలేదు, ఒక చోట పక్కన "నిజం!!" అని రాసి ఉంది, ఏది నిజమో మాత్రం తెలీడం లేదు. కన్యాశుల్కంతో మొదలుపెడుతున్నా, స్కూల్లో పాఠంగా వచ్చిన ముక్క తప్ప పూర్తిగా చదివింది ఒక్కసారే. @మధ్యాహ్నం_నిద్ర గారూ, 1897 నాటిది కూడా దొరుకుతుందా? ఏది ముందు చదవాలి?

మధ్యాహ్నం_నిద్ర:
దొరుకుతుందండీ, విడిగా వేశారు. కానీ ముందు 1909దే చదవండి, మధురవాణి గొంతు చెవిలో ఉండగా వెనక్కి వెళ్లి పాతది చూడండి. తేడా దొరికిన చోట పెన్సిల్‌తో గీసుకోండి, పదేళ్ల తర్వాత సిగ్గుపడటానికి ఉంటుంది.