కొండ రేసుకి మ్యాప్, కంపాస్ వచ్చి తీరాలా? వాచ్‌లో జీపీఎస్ చాలదా?

నవీన్_ప్రెస్టన్
అందరికీ నమస్కారం. రోడ్డు మారథాన్లు వదిలి ఈ మధ్యే ఫెల్ రన్నింగ్‌లోకి దిగాను. ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్ లాంటి చోట్ల, రిబ్బన్లూ బాణాలూ పెద్దగా లేకుండా కొండల మీద జరిగే రేసులు. వచ్చే వేసవిలో ఒక 'ఏఎల్' రేసుకి పేరిద్దామనుకుంటున్నా. ఏ అంటే కిలోమీటరుకి సగటున 50 మీటర్లకి తగ్గని ఎక్కుడు, ఎల్ అంటే 20 కిలోమీటర్లు దాటిన దూరం. ఫారంలో 'నావిగేషన్ వచ్చి ఉండాలి' అని రాశారు. మా క్లబ్బులో ఒక పెద్దాయన, మ్యాప్ కంపాస్ నేర్చుకునేదాకా దాని జోలికి పోవద్దన్నాడు. నా వాచ్‌లో మ్యాపే ఉంది, రూటు ఎక్కిస్తే మలుపు మలుపుకీ చెబుతుంది. నిజంగా నేర్చుకోవాలా, లేక ఇది పాతకాలం వాళ్ల పట్టుదలా?

కొండదొర
పట్టుదలే. ఇంట్లో గ్యాసు పెట్టుకుని కట్టెల పొయ్యి ఊదడం నేర్చుకోమన్నట్టుంది. పేరిచ్చెయ్ తమ్ముడూ.

షెఫీల్డ్_పద్మ
నవీన్, వాచ్ వద్దని ఎవరూ అనరు. వాచ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం గురించే మాట. అది చెప్పేది నువ్వు గీత మీద ఉన్నావా, పక్కకి జరిగావా అని. జరిగాక మళ్లీ గీత మీదకి తిన్నగా పోబోతే మధ్యలో కొండ తెగి పడిందేమో ఆ బుల్లి తెర మీద ఆనదు. స్కాఫెల్ పైక్ శిఖరం (978 మీటర్లు, ఇంగ్లండ్‌లో ఇదే ఎత్తు) చుట్టూ అంతా బండరాళ్లు. కాలికి దారి తెలియదు. పొగమంచు కమ్మితే ఎటు దిగినా ఒకేలా ఉంటుంది. బారోడేల్ లోయ నుంచి ఎక్కినవాడు అవతలి వాస్‌డేల్ లోయలో తేలతాడు, కారేమో కొండకి అవతల.

స్కాట్లండ్‌లో బెన్ నెవిస్ ఇంకా కఠినం. పొగమంచులో దిగాలంటే శిఖరం నుంచి 231 డిగ్రీల మీద 150 మీటర్లు, అక్కడి నుంచి 282 డిగ్రీలు. మొదట్లో కుడికి జరిగితే గార్డీలూ గల్లీ, తర్వాత ఎడమకి జరిగితే ఫైవ్ ఫింగర్ గల్లీ. గల్లీ అంటే ఇక్కడ కొండలో నిట్టనిలువు చీలిక. రెండూ మనుషుల్ని మింగినవే. 150 మీటర్లంటే నీ కాలికి ఎన్ని అడుగులో ముందే లెక్క తెలిసి ఉండాలి. అది ఏ వాచ్చీ నేర్పదు.

కొండదొర
పద్మా, వాచ్ 150 మీటర్లు కొలుస్తుంది. దాని పనే అది.

షెఫీల్డ్_పద్మ
కొలుస్తుంది, చార్జి ఉన్నంతసేపు. తడి గ్లోవ్స్‌తో తెర తాకి చూశారా ఎప్పుడైనా?

కొండదొర
బటన్లున్న వాచ్ కొనుక్కున్నా. వాన చినుకులు కూడా పడ్డాయి దాని మీద. ఏం కాలేదు.

విశాఖ_సుబ్బారావు
పిల్లలూ, ఒక మాట. మీరు కంపాస్ ఎక్కడ కొన్నారు? ఇక్కడ కొని అక్కడికి పట్టుకెళ్లారా? నేను భూగర్భ సర్వేలో పనిచేసి రిటైరయ్యాను, అందుకని అడుగుతున్నా.

రన్నర్_వరంగల్
చదువుతున్నా, కొనసాగించండి.

షెఫీల్డ్_పద్మ
సుబ్బారావుగారూ, ఇక్కడిదేనండి.

నవీన్, బేరింగ్ తీయడం, అంటే వెళ్లాల్సిన దిక్కుని డిగ్రీల్లో పట్టుకోవడం, ఏమంత బ్రహ్మవిద్య కాదు. కంపాస్ అంచుని నువ్వున్న చోటు నుంచి వెళ్లాల్సిన చోటికి మ్యాప్ మీద ఆనించు. డయల్ తిప్పి లోపలి గీతల్ని మ్యాప్ నిలువు గీతలకి కలుపు, బాణం మ్యాప్ పై వైపే ఉండాలి. ఇక మ్యాప్ పక్కన పెట్టు. కంపాస్‌ని బొడ్డుకెదురుగా పట్టుకుని, ఎర్ర ముల్లు ఎర్ర గడిలోకి వచ్చేదాకా ఒంటిని తిప్పు. కంపాస్‌ని తిప్పకు, అందరూ అక్కడే బోల్తా పడతారు. ఇప్పుడు ఎదురుగా మంచులో కనబడే చివరి రాయో గడ్డిదుబ్బో చూసుకుని దాని దాకా పరిగెత్తు. అక్కడ నిలబడి ఇంకోటి చూసుకో.

అసలు విద్య దీనికి ముందుంది. మ్యాప్ మీద కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపేవి) చూసి కొండ ఆకారం మనసులో కట్టుకోవడం. గీతలు దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరంగా ఉంటే మెల్లని వాలు. వంపులు ఎత్తు వైపు తిరిగితే వాగు, పల్లం వైపు తిరిగితే గట్టు. బొటనవేలు మ్యాప్ మీద నువ్వున్న చోటే ఉంచి, ముందుకి పోయేకొద్దీ జరుపుతూ ఉండాలి. రేసులో ఆగి వెతుక్కునే తీరిక ఉండదు.

బర్మింగ్‌హామ్_బుజ్జి
మ్యాప్ ఏది కొనాలి అక్కా? 1:25,000 వా 1:40,000 వా?

షెఫీల్డ్_పద్మ
నేర్చుకోవడానికి ఆర్డినెన్స్ సర్వే వాళ్ల 1:25,000. గోడలూ కంచెలూ అన్నీ ఉంటాయి. పరుగులో హార్వే వాళ్ల 1:40,000 నయం. తడిసినా చిరగదు, కంటికి గజిబిజి తక్కువ.

విశాఖ_సుబ్బారావు
మీరు నా ప్రశ్న తేలిగ్గా తీసుకున్నారు. అయస్కాంత ముల్లు ఉత్తరం వైపు తిరగడమే కాదు, భూమిలోకి కూడా వంగుతుంది. కేరళలోని తుంబా దాదాపు అయస్కాంత భూమధ్యరేఖ మీద ఉంది, 1963లో మన తొలి రాకెట్టు అక్కడి నుంచి వదిలింది అందుకే. అక్కడ ముల్లు బల్లపరుపుగా ఉంటుంది. మన తెలుగు ప్రాంతంలో కొద్దిగా వంగుతుంది. బ్రిటన్‌లో 65 డిగ్రీలకి పైనే. కంపెనీలు ప్రాంతాన్ని బట్టి ముల్లుకి రెండో కొసన బరువు పెట్టి సరిచేస్తాయి. ఇక్కడి లెక్కకి సరిచేసిన కంపాస్ అక్కడ పట్టుకుంటే ఉత్తరం కొస కిందకి వాలి అడుగుని రాసుకుంటుంది. ఇరుక్కున్న ముల్లు ఎటైనా చూపిస్తుంది. నవీన్ ఇంటి నుంచి తెచ్చుకున్నాడేమోనని నా భయం.

నవీన్_ప్రెస్టన్
నా దగ్గర కంపాసే లేదండి.

కొండదొర
చూశారా, కంపాస్‌కీ ఇన్ని రోగాలు. వాచ్‌ని మాత్రం అనుమానించాలి.

అసలు సంగతి చెప్తా. 2008లో బారోడేల్‌లో ఓఎంఎం జరిగింది, మ్యాప్ విద్యలో ఉద్దండులు దిగే రెండు రోజుల మౌంటెన్ మారథాన్. దాదాపు 2,500 మంది. వరద వచ్చి మొదటిరోజే ఆపేశారు. వందల మంది జాడ తెలియదని టీవీల్లో గోల. అంతమందికీ మ్యాప్ వచ్చుగా? ఏం ఒరిగింది?

షెఫీల్డ్_పద్మ
ఒరిగింది అదే. జాడ తెలియలేదని టీవీవాళ్లు గోల చేశారు గానీ, వాళ్లకి తామెక్కడున్నారో తెలుసు. చాలామంది సొంతంగా దిగిపోయారు, కొందరు టెంటు వేసుకుని పడుకున్నారు, ఇంకొందరు హానిస్టర్ పలకరాయి గని దగ్గర తలదాచుకున్నారు. ఇంకో పక్క 2021లో చైనాలో గాన్సు రేసు చూడండి. గుర్తులు పెట్టిన దారి, 100 కిలోమీటర్లు. చలిగాలి కొట్టింది, 21 మంది పోయారు.

కొండదొర
వాళ్లు పోయింది జాకెట్లు లేక. మ్యాప్ రాక కాదు. నీ వాదనకి ఏది దొరికితే అది అతికించకు.

లండన్_శ్రీధర్
ఇందులో దొరగారిదే పాయింటు.

షెఫీల్డ్_పద్మ
సరే, గాన్సు వదిలేయండి. నేననేది గుర్తులు చూసుకుని పరిగెత్తేవాడు తల దించుకుని పోతాడని. వాతావరణం మారినా, ముందు కనబడే కనుమ దగ్గర దిగిపోవాలని వాడికి తోచదు. ఆ కనుమ ఉందని తెలిస్తే కదా.

కొండదొర
మరి నిర్వాహకులు ఎందుకున్నట్టు? ఎంట్రీ ఫీజు తీసుకున్నాక దారి చూపించే బాధ్యత వాళ్లది కాదా? మన దగ్గర ఏ ట్రయల్ రేసుకి పోయినా మలుపు దగ్గర పిల్లాడొకడు నిలబడి 'అన్నా ఇటు' అంటాడు.

షెఫీల్డ్_పద్మ
ఇక్కడ ఆ పిల్లాడు ఉండడు. ఫీజు కూడా నాలుగు కాఫీల ఖరీదు. ఎవరి ప్రాణానికి వాళ్లదే పూచీ అని ఒప్పుకునే సంతకం పెడతాం.

కొండదొర
సంతకం సంగతి నాకు చెప్పకు. పోయిన సీజన్లో ఒక రేసుకి పోయా, పేరెందుకులే. మొదలుపెట్టే చోట సామాను తనిఖీ. నా ముందు వరసలో ఉన్నవాళ్లని సంచి తడిమి పంపించేశారు. నా వంతు రాగానే మొత్తం బల్ల మీద బోర్లించమన్నారు. విజిల్ ఊది చూపించమన్నారు. కంపాస్ పైకెత్తి, అందరికీ వినబడేలా, 'ఇది వాడటం తెలుసా నీకు?' అని. నా ముందువాడిని అడగలేదు ఆ మాట. వాడి కంపాస్ ప్లాస్టిక్ కవర్లోంచి కూడా తీయలేదు, నేను చూశా.

షెఫీల్డ్_పద్మ
తనిఖీ అందరికీ ఉంటుందండి. మధ్యమధ్యలో ఒకరిని పట్టుకుని పూర్తిగా చూస్తారు. నన్నూ చూశారు.

కొండదొర
ఆ ఒక్కడూ ప్రతిసారీ నేనే ఎందుకవుతానో నువ్వే చెప్పు.

లండన్_శ్రీధర్
ఇది నావిగేషన్ టాపిక్, దయచేసి...

కొండదొర
ఇదే నావిగేషన్ టాపిక్. 'నావిగేషన్ వచ్చి ఉండాలి' అనే మాట ఎవరి ముఖం మీద తలుపేయడానికి వాడుతున్నారో చెప్తున్నా. ఇక్కడి పిల్లలు స్కౌట్స్‌లోనో, డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా అవార్డు క్యాంపుల్లోనో పద్నాలుగేళ్లకే మ్యాప్ పట్టుకుని కొండల్లో తిరుగుతారు. ముప్పై అయిదేళ్లకి వచ్చి నేర్పమని అడిగితే వింతగా చూస్తారు. పద్మా, పోయిన ఏడాది ఇదే చోట అడిగాను, నేర్పేవాళ్లున్నారా అని. నువ్వు రాసిన జవాబు రెండు ముక్కలు: 'క్లబ్బులో అడగండి.' అడిగాను. నవ్వారు. అందుకే వాచ్ కొన్నా.

విశాఖ_సుబ్బారావు
ఆయన చెప్పినదాంట్లో నిజముంది. మన దగ్గర 1:50,000 టోపోషీటు చేతికి రావడం మామూలు మనిషికి ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. సరిహద్దు, తీర ప్రాంతాల షీట్లయితే మాట్లాడక్కర్లేదు. నిబంధనలు బాగా సడలించింది 2021 ఫిబ్రవరిలోనే. మ్యాప్ చూడకుండానే రెండు తరాలు పెరిగాయి.

షెఫీల్డ్_పద్మ
మీ బల్ల దగ్గర జరిగింది తప్పే. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ నా గొడవ అది కాదు. మా ఆయన ఇక్కడ రెస్క్యూ టీమ్‌లో వాలంటీరు. రెస్క్యూ టీమంటే జీతం లేని వాళ్లు, విరాళాల మీద నడుస్తుంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి తలకి లైటు కట్టుకుని పోతాడు, పొద్దున్నే వచ్చి ఆఫీసుకి లాగిన్ అవుతాడు. పోయిన చలికాలం ఒకసారి బాలేక పడుకుని కూడా లేచి వెళ్లాడు. దొరికినవాళ్లు అన్న మాట, 'వాచ్ ఆఫ్ అయిపోయింది' అని. నేను ఇంట్లో కిటికీ దగ్గర కూర్చున్నా. అందుకని నాకు వాచ్ మీద కవిత్వం రాదు.

కొండదొర
ఆ టీమ్‌వాళ్లే ఫోన్‌కి లింకు పంపి లొకేషన్ తెప్పించుకుంటారుగా.

షెఫీల్డ్_పద్మ
సిగ్నల్ ఉంటే. లోయలో ఉండదు. అయినా మీకు ప్రతిదానికీ ఒక 'గా' ఉంటుంది.

బర్మింగ్‌హామ్_బుజ్జి
ఎందుకమ్మా కొట్టుకుంటారు, ఇద్దరూ ఒకటే అంటున్నారు.

కొండదొర
ఒకటి కాదు. ఆవిడ నేర్చుకోమంటోంది. నేను నేర్పేవాడెక్కడ అంటున్నా.

నవీన్_ప్రెస్టన్
నాకైతే ఇప్పుడు ఇద్దరి మాటా సగం సగం అర్థమైంది. నేర్పేవాళ్లుంటే నేర్చుకుంటాను. క్లబ్బులో పెద్దాయన నేర్పుతానని అనలేదు, నేర్చుకో అన్నాడంతే.

షెఫీల్డ్_పద్మ
ఈడేల్ రండి, వచ్చే ఆదివారం. షెఫీల్డ్ నుంచీ మాంచెస్టర్ నుంచీ రైలుంది, నవీన్ మాంచెస్టర్‌లో మారాలి. కిండర్ స్కౌట్ పైకి పోదాం. 636 మీటర్లే, పైన అంతా చదును, నల్ల బురద, మనిషి మునిగేంత లోతు పీట్ (కుళ్లిన నాచు నేల) కాలవలు. పది అడుగులేస్తే దిక్కు పోతుంది, అందుకే నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. పొగమంచు కమ్మితే ఇంకా మేలు. అప్పుడు వాలు పరీక్ష చూపిస్తా: నిలబడిన చోట నేల ఎటు వాలుతోందో కంపాస్‌తో చూసి, మ్యాప్ మీద అటు వాలిన ముక్కలు తప్ప మిగతావన్నీ కొట్టేయడం. కంపాస్‌లు నా దగ్గర అదనంగా ఉన్నాయి. ఒక షరతు. ఫోన్లూ వాచ్‌లూ సంచి అడుగున.

విశాఖ_సుబ్బారావు
ఫోన్లు కంపాస్‌తో ఒకే జేబులో పెట్టకండి. ఫోన్ కవరుకి అయస్కాంతం ఉంటే ముల్లు తలకిందులైపోతుంది, ఉత్తరం అన్నది దక్షిణమవుతుంది. బయల్దేరే ముందు అన్ని కంపాస్‌లూ పక్కపక్కన, జానెడు ఎడం ఉంచి చూసుకోండి, ఒకటి వేరే వైపు చూస్తే అది చెడిందని. ఇంకోటి, ఉత్తరాల తేడా గురించి పాత పుస్తకాల లెక్క కలపొద్దు. మూడు ఉత్తరాలూ (అసలు ధ్రువానిది, మ్యాప్ గీతలది, ముల్లుది) ఒకే గీత మీదకి వచ్చాయి 2022 నవంబరులో, డోర్సెట్ తీరాన లాంగ్టన్ మాట్రావర్స్ దగ్గర. మీ దగ్గర ఇప్పుడు తేడా పరుగుకి లెక్కలోకి రానంత.

బర్మింగ్‌హామ్_బుజ్జి
నేనూ వస్తా. బురద బూట్లు కావాలా?

కొండదొర
వస్తా. కానీ వాచ్ తీయను. తెర కనబడకుండా టేప్ అంటిస్తా, లోపల ట్రాక్ రికార్డవుతుంది. సాయంత్రం నీ బేరింగ్‌లూ నా ట్రాకూ పక్కపక్కన పెడదాం, ఎవరెంత పక్కకి పోయారో తేలుతుంది.

షెఫీల్డ్_పద్మ
టేప్ నేను అంటిస్తా.